సముద్రం దాటే సిపాయి జేబు

దక్షిణ సూడాన్‌లో తెల్ల నైలు ఒడ్డున ఉన్న మలకల్ చుట్టూ నేలంతా నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది. వానకు బంకలా మారి బూటును పట్టుకుని వదలదు. సుమారు మే నుంచి అక్టోబర్ దాకా అక్కడి మట్టిబాటల్లో లారీలు దిగబడి రోజుల తరబడి నిలిచిపోతాయి. అలంపూర్ వైపు చేలల్లో పత్తి ఏరిన కుర్రాడికి ఆ బురద సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఇంకొకటుంది. ఐక్యరాజ్యసమితి నీలిరంగు హెల్మెట్ పెట్టుకుని గస్తీకి వెళ్లినవాడి బండి అక్కడ దిగబడితే, క్యాంపులోని ట్రంకుపెట్టెలో ఏమున్నా అక్కరకు రాదు. ఒంటి మీద ఏముందో అదే దిక్కు.

ఈ అధ్యాయం విదేశీ విధులకు వెళ్లే నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) సిపాయి ఒంటి మీది సామాను గురించి.

ఈ విషయం మీద వీడియోలకు కొదవ లేదు. నల్లరంగు కత్తులు, అద్దం పగలగొట్టే పెన్నులు, తాడుతో అల్లిన కంకణాలు వాటి నిండా కనిపిస్తాయి. వాటిలో సగం కొనేవాడి సరదా తీర్చడానికే. విదేశీ విధుల్లో ఉన్న సిపాయికి కమాండో కత్తి కన్నా నెయిల్ కట్టర్‌తోనే ఎక్కువ పని. బొటనవేలి గోరు లోపలికి పెరిగితే పదిహేను కిలోమీటర్ల గస్తీ ఎలా ఉంటుందో కత్తి అమ్మేవాడు చెప్పడు.

జేబు సర్దుకునేటప్పుడు అందరూ తమకేం కావాలో ఆలోచిస్తారు. నాలుగు చోట్ల పనిచేసొచ్చిన హవల్దారు వేరే ప్రశ్న వేస్తాడు: నువ్వు పడిపోతే, నీ జేబులో చెయ్యి పెట్టేవాడికి కావలసింది దొరుకుతుందా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే కొనాల్సినవి సగం తగ్గిపోతాయి. ఉన్నవాటిని ఎక్కడ పెట్టాలో కూడా తేలిపోతుంది.

ఏం మోయాలన్నది వెళ్లే చోటును బట్టి మారుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లు నిజాం జిల్లాలుగా ఉన్న రోజుల నుంచే ఆ రాజ్యపు సైన్యం సముద్రం దాటింది. 1914లో హైదరాబాద్ లాన్సర్లు సూయెజ్ కాలువ కాపలాకు ఈజిప్టు వెళ్లారు. 1918 సెప్టెంబర్‌లో పాలస్తీనా దండయాత్రలో ఉన్నారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ అశ్విక దళాలవి. 1941 డిసెంబర్‌లో జపాన్ సేనలు మలయాలోని కోట బహ్రూ తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలాలో ఉన్నది 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. డిసెంబర్ అంటే ఆ తీరంలో కుండపోత వానల కాలం. ఎడారిలో లాన్సర్లకు నీళ్ల కరువు, మలయాలో వీళ్లకు వాన బాధ. ఒకే రాజ్యపు సిపాయిలకు రెండు యుద్ధాల్లో రెండు వేర్వేరు మూటలు కావలసివచ్చాయి. అందుకే అన్ని దేశాలకూ సరిపోయే సామాను జాబితా ఉండదు. లెబనాన్ కొండల్లో చలికాలం మంచు పడుతుంది, గోలన్‌లో ఎముకలు కొరికే గాలి వీస్తుంది, కాంగోలో వాన, దక్షిణ సూడాన్‌లో బురద, దోమలు. పోస్టింగు తెలిశాకే సంచి తెరవాలి.

ఇక సిపాయి చేతిలో లేని విషయాలు చాలానే ఉన్నాయి. ఆయుధం, తూటాలు, హెల్మెట్, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, రేడియో సెట్టు, వీటన్నిటినీ సైన్యమే నిర్ణయిస్తుంది. ఎప్పుడు ఏది వాడాలో పైనుంచి వచ్చే నియమాలు చెబుతాయి. ఒప్పందాలు ఎంత దూరం శాసిస్తాయో సూర్యాపేటకు తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియకపోవచ్చు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, సూర్యాపేట వాసి కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ప్రాణాలర్పించిన ఘర్షణలో తుపాకి పేలలేదు. వాస్తవాధీన రేఖ దగ్గర కాల్పులు జరపకూడదన్న పాత ఒప్పందాలే అందుకు కారణం. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. గల్వాన్ విదేశం కాదు, అది మన సరిహద్దు. అయినా ఆ రాత్రి చెప్పే సంగతి శాంతిసేనకూ వర్తిస్తుంది: సిపాయి మోసేదంతా అతని ఇష్టం మీద ఆధారపడదు. శాంతిసైనికుడి జేబులో ఐరాస ఇచ్చే పది నియమాల కార్డు ఉంటుంది. దాని బరువు గ్రాముల్లోనే, కానీ అది లేని తుపాకి ప్రమాదకరం.

కాబట్టి సిపాయి సొంతంగా ఎంచుకోగలిగేది మహా అయితే ఒకటి రెండు కిలోల సామాను. ఆ కొంచెం కూడా బరువే. అమెరికన్ సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1950లో ఈ ఒక్క సమస్య మీద ఒక పుస్తకం రాశాడు. పోరాటంలో ఉన్నవాడి మీద 18 కిలోలకు మించి వేయకూడదన్నది ఆయన వాదన. ఆ మాట ఏ సైన్యమూ సరిగ్గా వినలేదు. 1982లో ఫాక్‌లాండ్ దీవుల్లో బ్రిటిష్ మెరైన్లు సుమారు 36 కిలోలు వీపున వేసుకుని మూడు రోజుల్లో 90 కిలోమీటర్లు నడిచారు. గెలిచారు, కానీ తడి బూట్లతో చాలామంది పాదాలు పాడుచేసుకున్నారు. సైన్యం వేసే బరువును సిపాయి తగ్గించలేడు. దాని మీద తన చెత్త వేసుకోకుండా ఉండగలడు.

మొదట రక్తం సంగతి. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. హెలికాప్టర్ రావడానికి గంటలు పట్టవచ్చు. అందుకే జేబులో అన్నిటికన్నా ముందు చోటు దక్కాల్సింది టోర్నికేకి, అంటే చేతికీ కాలికీ బిగించి రక్తం ఆపే పట్టీకి. ఒకప్పుడు దీన్ని ఆఖరి ఉపాయంగానే చూసేవారు, కాలు పోతుందన్న భయంతో. ఇరాక్ యుద్ధం ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. 2006లో బాగ్దాద్‌లోని అమెరికన్ సైనిక ఆసుపత్రికి వచ్చిన క్షతగాత్రులను పరిశీలిస్తే, రక్తం పోయి షాక్‌లోకి జారకముందే పట్టీ బిగించినవారిలో 90 శాతం బతికారు. జారాక బిగించినవారిలో బతికింది 10 శాతమే. వైద్యం తెలిసినవాడు వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. పక్కనున్న సిపాయే బిగించాలి.

ఎవరి దగ్గరున్న పట్టీతో బిగించాలి? దెబ్బ తిన్నవాడి పట్టీతోనే. తనది తీసి వాడితే, తర్వాతి తూటా తనకు తగిలినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. ఇక్కడే హవల్దారు ప్రశ్నకు అర్థం తెలుస్తుంది. సెక్షన్‌లో పదిమంది పట్టీలు పది చోట్ల ఉంటే, చీకట్లో పక్కవాడి జేబులన్నీ తడుముతూ కూర్చోవాలి. అందరిదీ ఒకే చోట, కుడి చేతికీ ఎడమ చేతికీ అందేలా ఛాతీ మధ్యన ఉంటే తడుముకునే పనే లేదు. ప్లాస్టిక్ కవర్ ముందే చింపి, వాడకానికి సిద్ధంగా మడిచి పెట్టాలి. రక్తంతో జారే వేళ్లతో కవర్ చింపడం కుదరదు. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, మోకాలి మీదా మోచేతి మీదా కాకుండా బిగించాలి. రక్తం ఆగేదాకా తిప్పాలి. బిగించిన టైము పట్టీ మీదో నుదుటి మీదో రాయాలి. మళ్లీ వదులు చేయకూడదు, ఆ పని డాక్టరుది. రాయడానికి ఒక మార్కర్ పెన్ను కావాలి. అద్దం పగలగొట్టే పెన్ను ఇక్కడ దేనికీ కొరగాదు.

దాని పక్కనే ఫీల్డ్ డ్రెస్సింగు. మెడలో గుర్తింపు బిళ్లలు. బిళ్లలు రెండుండటానికి కారణముంది. సిపాయి చనిపోతే ఒకటి దేహంతో ఉంటుంది, రెండోది లెక్కకు వెళుతుంది. వినడానికి కష్టంగా ఉన్నా, ఇంట్లోవాళ్లకు నిజం త్వరగా, సరిగ్గా చేరేది దానివల్లే. బ్లడ్ గ్రూపు బిళ్ల మీద ఒకటి, పచ్చబొట్టులో ఇంకొకటి ఉన్నవాళ్లు కనిపిస్తుంటారు. ఊళ్లో సరదాకు వేయించుకున్న పచ్చబొట్టును డాక్టరు నమ్మడు, నమ్మకూడదు కూడా.

ఇక నీళ్లు. ఈ విషయంలో నల్లగొండ మనిషికి ఎవరూ పాఠం చెప్పలేరు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో తరాల తరబడి జనం తేటగా, చల్లగా ఉన్న బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయారు. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు. ఫ్లోరైడ్ మాత్రం ఉంది. కాచినా పోదు. ఆవిరై నీరు తగ్గేకొద్దీ లీటరుకు దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. దీనికి విరుగుడుగా నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను దింపే పద్ధతి తయారుచేసింది. దానికి పెట్టిన పేరు నల్లగొండ పద్ధతి. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల్లోని రిఫ్ట్ లోయలోనూ ఇదే జబ్బు ఉంది కనుక అక్కడి నీటి ఇంజినీర్లకు నల్లగొండ అన్న మాట తెలుసు. తూర్పు ఆఫ్రికాకు శాంతిసైనికుడిగా వెళ్లే నకిరేకల్ కుర్రాడి కన్నా అతని జిల్లా పేరు ముందే వెళ్లింది, అంత గొప్పగా చెప్పుకునే కారణం చేత మాత్రం కాదు.

సిపాయికి దీనివల్ల తెలిసేది ఇది. నీటిని శుద్ధి చేసే క్లోరిన్ బిళ్ల క్రిముల్ని చంపుతుంది. లవణాలనూ, రసాయనాలనూ, డీజిల్ వాసననూ తీసేయదు. కనుక బిళ్లలున్నాయి కదా అని కనిపించిన బోరులోంచి, పాత డ్రమ్ములోంచి నింపుకోకూడదు. నది నీళ్లే గతి అయితే ముందు గుడ్డతో వడకట్టాలి. మట్టి ఉన్న నీటిలో క్లోరిన్ బలం మట్టికే సరిపోతుంది. బిళ్ల వేశాక అరగంట ఆగాలి, నీళ్లు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువసేపు. సీసా మూత మరలను కూడా ఆ నీటితో తడపాలి. చాలామంది మర్చిపోయేది ఇదే, పెదవులు తగిలేదీ అక్కడే.

సబ్బు ముక్క గురించి చెబితే కుర్రాళ్లు నవ్వుతారు. 2010 అక్టోబర్‌లో హైతీలో కలరా పుట్టింది. అంతకుముందు ఆ దేశం దాని పేరు విననట్టే ఉండేది. శాంతిసేన క్యాంపు మురుగు నదిలో కలవడం వల్ల అది మొదలైందని పరిశోధకులు తేల్చారు. వేలమంది చనిపోయారు. 2016లో ఐక్యరాజ్యసమితి హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పింది. కాపాడటానికి వెళ్లినవాళ్ల వెంట వెళ్లిన జబ్బు అది. చిన్న డబ్బాలో సబ్బు ముక్క, అర్ధచేతి పొడవు తువాలు, మరుగుదొడ్డి లేనిచోట గొయ్యి తీసి పూడ్చే అలవాటు, ఈ మూడూ సిపాయి వెళ్లిన దేశపు పల్లెల కోసం కూడా.

నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం చూసినవాడు దక్షిణ సూడాన్ వేడిని తేలిగ్గా తీసుకునే ప్రమాదముంది. మనవాడికి ఎండ అలవాటే, నిజమే. అయితే ఊళ్లో ఎండవేళ నీడపట్టున కూర్చున్నాడు, ఇక్కడ బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వేసుకుని నిలబడాలి. పైగా ఢిల్లీ చలిలో శిక్షణ ముగించుకుని నేరుగా విమానం ఎక్కి వచ్చిన ఒంటికి కొత్త వేడి పట్టడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లోనే వడదెబ్బలు ఎక్కువ. జేబులో నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు ఉంటే చాలు, ఒక్కో పెద్ద పొట్లానికి లీటరు నీళ్లు. అయిపోతే లీటరు శుద్ధమైన నీటికి ఆరు చదును టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే.

తిండి మాట వస్తే పాలమూరు వాళ్లది పైచేయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి పండే నేలలు. నూరు గ్రాముల పల్లీల్లో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులు, 560 కేలరీలకు పైగా శక్తి ఉంటాయి. బెల్లం పాకంతో చేసిన పల్లీ పట్టి ఆఫ్రికా ఎండలో చాక్లెట్‌లా కరిగిపోదు, బిస్కెట్‌లా పొడి అయిపోదు. రెండు పట్టీలు విడిగా కాగితంలో చుట్టి, పైన జిప్ కవర్ వేస్తే గస్తీ రోజున సరిపోతాయి. అమ్మ కట్టిచ్చే పచ్చడి సీసా మాత్రం ఎంత ప్రేమగా ఇచ్చినా జేబులోకి రాకూడదు. నూనె కారితే మందులు, కాగితాలు, నోటుపుస్తకం అన్నీ ఖరాబే. పుంటికూర పచ్చడి క్యాంపులో ఉండాల్సిందే, అక్కడ అది ఒక్క రోజులో మాయమవుతుందన్నది వేరే సంగతి. గస్తీకి పల్లి పొడి చాలు.

ఒక వస్తువు ఎన్ని పనులు చేస్తుందన్నది ఎంపికకు మంచి కొలత. పాలమూరు కురుమలు, గొల్లలు దక్కనీ గొర్రెల బొచ్చుతో నేసిన గొంగడిని వానకు కొప్పెరగా కప్పుకుంటారు, రాత్రికి పరుచుకుంటారు, చలికి కప్పుకుంటారు. సిపాయి సంచిలో ఆ పని చేసేది పాంచో. వాన, నీడ, పడక, చివరికి గాయపడినవాణ్ని నలుగురు పట్టుకుని మోసే జోలె కూడా అదే. కాబట్టి మడత కుర్చీకి, గాలి దిండుకు చోటు లేదు. పాంచో అంచులకున్న రంధ్రాల్లో నాలుగు గజాల సన్నతాడు ముందే కట్టి ఉంచితే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు.

పాదాలకు రెండు జతల సాక్సులు. ఒకటి కాళ్లకు, ఒకటి నీళ్లు చొరని కవర్లో. ఆగిన ప్రతి చోటా మార్చి, తడివాటిని చొక్కా లోపల పెట్టుకుంటే ఒంటి వేడికి ఆరతాయి. ఫుట్ పౌడర్ కొంచెం. సూదీ దారం, రెండు గుండీలు, రెండు పిన్నీసులు ఉన్న చిన్న పొట్లాం పాత బ్రిటిష్ సైన్యం నుంచి వస్తున్న అలవాటు, ఇప్పటికీ పనికొస్తుంది.

వెలుగుకు చేతి టార్చి కన్నా తలకు కట్టుకునే టార్చి మేలు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కనుక. ఎర్ర వెలుగు కూడా వచ్చేది కొనాలి. ఎర్ర వెలుగులో మ్యాపు చూస్తే చీకటికి అలవాటుపడిన కళ్లు మళ్లీ గుడ్డివి కావు. బ్యాటరీ సెక్షన్ అందరిదీ ఒకే సైజైతే ఒకరిది ఇంకొకరికి పనికొస్తుంది.

మహిళా సైనికులకు ఇంకో లెక్క. 2007లో లైబీరియాకు వెళ్లిన సీఆర్‌పీఎఫ్ మహిళా దళం ఐరాస చరిత్రలో పూర్తిగా మహిళలతో ఏర్పడిన మొదటి పోలీసు దళం. అలాంటి దళాలు 2016 దాకా ఒకదాని తర్వాత ఒకటి అక్కడ పనిచేశాయి. 2023 జనవరిలో భారత సైన్యం సూడాన్, దక్షిణ సూడాన్‌ల సరిహద్దులోని అబ్యేకి మహిళా ప్లటూన్‌ను పంపింది. ఇలాంటి చోట్ల శానిటరీ ప్యాడ్లు అంగట్లో దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకూడదు. కొన్ని నెలలకు సరిపడా ట్రంకులో, రెండు రోజులవి ఎప్పుడూ ఒంటి మీది సంచిలో, వాడినవి పెట్టడానికి నల్లకవర్లతో సహా ఉండాలి. సామాను జాబితాలు మగవాళ్లు రాస్తారు కనుక ఈ సంగతి వాటిలో తరచూ కనిపించదు.

ఫోను కూడా సామానే, ప్రమాదకరమైన సామాను. 2018 జనవరిలో స్ట్రావా అనే వ్యాయామ యాప్ మ్యాపు చూసి జనం ఆశ్చర్యపోయారు. సిపాయిలు పొద్దున్నే పరుగెత్తిన దారులు వెలుగు గీతలై, ఎడారుల్లో ఎవరికీ తెలియని సైనిక స్థావరాల ఆకారాలను గీసిపెట్టాయి. ఎవరూ రహస్యం అమ్ముకోలేదు, చేతికి గడియారం కట్టుకుని పరుగెత్తారంతే. 2020 జూలైలో భారత సైన్యం 89 యాప్‌లను ఫోన్లలోంచి తీసేయమని తన సిబ్బందిని ఆదేశించింది. లొకేషన్ ఆపడం, ఫోటోల్లో చోటు నమోదు కాకుండా చూడటం, ఊరి వాట్సాప్ గ్రూపులో క్యాంపు గేటు ముందు సెల్ఫీ పెట్టకపోవడం, ఇవి సిపాయి పనులు. "బిడ్డా, యాడున్నవు, ఫోటో పెట్టు" అని అడిగే అమ్మకు ముఖం కనిపిస్తే చాలు, వెనక గోడ తెల్లగా ఉండాలి.

మలకల్‌లో గానీ కాంగోలోని గోమాలో గానీ గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. నల్లగొండలో రాత్రి ఎనిమిదైతే అక్కడ సాయంత్రం నాలుగున్నర. వారానికి ఏ రోజు, ఏ వేళకు ఫోను వస్తుందో ముందే చెప్పి, రాకపోతే రెండు రోజుల దాకా కంగారు పడొద్దని కూడా చెప్పి వెళ్లాలి. పవర్ బ్యాంకు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేస్తే తీసి పారేస్తారు. మామూలుగా అనుమతించేది 100 వాట్ అవర్ల దాకా. ఇరవై వేల ఎంఏహెచ్ ది సుమారు 74 కనుక ఇబ్బంది లేదు. కత్తెర, చిన్న కత్తి మాత్రం లగేజీలోకే.

కాగితాల దగ్గర మళ్లీ హవల్దారు ప్రశ్నే వస్తుంది, ఈసారి వెతికే చెయ్యి ఇంట్లో ఉంటుంది. భర్త వెళ్లిన ఆరు నెలలకు బ్యాంకులో పని పడితే, బీరువా తెరిచిన భార్యకు ఏది ఎక్కడుందో తెలియాలి. పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, బీమా కాగితాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు ఒక ఫైల్లో ఉండాలి. దాని మీద అతికించిన ఒకే కాగితం మీద పర్సనల్ నంబరు, యూనిట్ పేరు, రికార్డ్ ఆఫీసు ఫోను, సైనిక సంక్షేమ కార్యాలయం ఫోను రాసి ఉండాలి. నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ఆ కార్యాలయాలున్నాయి. వెళ్లేముందు ఇంట్లోవాళ్లను ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చూపిస్తే, అవసరం వచ్చిన రోజున దారి వెతుక్కోరు. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో నామినీ పేరు పెళ్లయ్యాక మార్చుకున్నాడో లేదో చూసుకోవాలి. పెళ్లికి ముందు రాసిన పేరు మార్చకపోతే అత్తాకోడళ్ల మధ్య కోర్టు దాకా వెళ్లే గొడవకు అదే బీజం.

సిపాయి జేబులో ఉండే కాగితాలు తక్కువే: ఐరాస గుర్తింపు కార్డు, ఎల్లో ఫీవర్ టీకా పసుపు పుస్తకం, పాస్‌పోర్టు జిరాక్సు, చిన్న నోటుపుస్తకం. ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్న పది రోజులకు చెల్లుబాటవుతుంది. 2016 జూలై నుంచి ఆ ధ్రువపత్రం జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా ఆ జబ్బున్న దేశం నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. సెలవు రోజుల్లో ఆరు పోయాయంటే బాధ ఎంతో సిపాయినే అడగాలి.

ఇంకొక సంచి కూడా ఉండాలి, మంచం కింద, ఎప్పుడూ సర్ది. 2021 మే 22 సాయంత్రం కాంగోలో గోమా పట్టణం పక్కనున్న న్యిరాగోంగో అగ్నిపర్వతం బద్దలైంది. లావా విమానాశ్రయం దగ్గరి దాకా వచ్చి ఆగింది. అయిదు రోజుల తర్వాత పట్టణంలో పెద్ద భాగాన్ని ఖాళీ చేయమన్నారు. లక్షల మంది రోడ్డెక్కారు. అక్కడున్న భారత శాంతిసైనికులు జనాన్నీ, ఐరాస సిబ్బందినీ సురక్షిత ప్రాంతాలకు చేర్చడంలో సాయపడ్డారు. సొంత సామాను సర్దుకోవడానికి గంట పట్టేవాడు అలాంటి రోజు ఇతరులకు ఏం సాయం చేయగలడు? ఒక రోజు నీళ్లు, తిండి, మందులు, సాక్సులు, కాగితాల జిరాక్సులు, చార్జరు, ముఖానికి కట్టుకునే గుడ్డ ఆ సంచిలో ఉండాలి. నెలకొకసారి విప్పి, చెడిన బ్యాటరీలు, గడువు దాటిన మందులు మార్చాలి.

ఏది వదలాలో తెలిసినవాడికి ఏది వదలకూడదో కూడా తెలుస్తుంది. దీనికి మన సైన్యంలోనే ఒక ఉదాహరణ ఉంది. కొరియా యుద్ధంలో సేవలందించడానికి 1950లో వెళ్లిన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్, లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో, ఆ డిసెంబర్‌లో ప్యాంగ్యాంగ్ నుంచి వెనక్కి రావాల్సొచ్చింది. మోయడానికి వాహనాలు చాలవు. వైద్య పరికరాలు అక్కడే వదిలేయవచ్చు. వాళ్లు ఒక పాత రైలింజను వెతికి పట్టారు. బకెట్లు చేతులు మార్చుకుంటూ బాయిలర్ నింపారు. పరికరాలన్నీ ఎక్కించుకుని, వంతెన పేల్చేసేలోగా నది దాటారు. సొంత సుఖానికి సంబంధించిన సామాను ఎంత వదిలేశారో ఎవరూ రాయలేదు. ఆపరేషన్ సామాను మాత్రం వదల్లేదు. తర్వాతి సంవత్సరాల్లో వేలాది మంది సైనికులకు, పౌరులకు ఆ దళం వైద్యం చేసింది. రంగరాజ్‌కు మహావీర్ చక్ర దక్కింది.

చివరి వస్తువు అన్నిటికన్నా చిన్నది, ఎక్కువమంది మధ్యలో మానేసేది కూడా అదే: మలేరియా మాత్ర. దక్షిణ సూడాన్‌లోనూ కాంగోలోనూ ఎక్కువగా ఉండే ఫాల్సిపారం రకం మెదడుకెక్కగలదు. దాన్ని మోసే దోమ పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కుడుతుంది. నిండు చేతుల చొక్కా, దోమలమందు, మందు పట్టించిన తెర, వీటితోపాటు డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ ఇస్తే రోజూ ఒకటి, ఆ దేశం వదిలాక కూడా నాలుగు వారాల దాకా. ఇక్కడే చాలామంది తప్పుతారు. సెలవు మీద ఊరికి రాగానే, ఇంకేం దోమలు అని మాత్రలు పక్కన పడేస్తారు. పది రోజుల తర్వాత జ్వరమొస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ వైరల్ జ్వరమని సూదేసి పంపిస్తాడు, ఎందుకంటే రోగి ఎక్కడినుంచి వచ్చాడో ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఇంటికొచ్చే సిపాయి పర్సులో ఒక చీటీ ఉండాలి, ఏ దేశం నుంచి ఏ తేదీన వచ్చాడో, ఏ మాత్ర వాడుతున్నాడో రాసి. స్పృహ తప్పితే పర్సు తెరిచేది తమ్ముడో, భార్యో, నాన్నో. ఆ చీటీ ఆసుపత్రిలో డాక్టరు చేతిలో పెట్టి, మలేరియా రక్తపరీక్ష చేయమని అడగాలని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. చికిత్స లేకపోతే ఫాల్సిపారం మలేరియా 24 గంటల్లోనే ప్రాణం మీదికి తేగలదు.